ట్రాక్టర్ మీద వాటర్ బాటిల్ కదలకుండా ఉండాలంటే: ఫోన్-ఇన్ కార్యక్రమం

వ్యాఖ్యాత: అందరికీ నమస్కారం. వేసవి దుక్కులు జోరుగా సాగుతున్నాయి. పొద్దున ఆరింటికి ట్రాక్టర్ ఎక్కినవాళ్లు ఎండ నడినెత్తికి వచ్చేదాకా దిగడం లేదు. చేతికందేంత దూరంలో నీళ్లు ఉండాలి కానీ, బాటిల్ పెట్టుకునే చోటు చాలా ట్రాక్టర్లలో లేదు. ఇంట్లో, పాత సామాన్ల కొట్లో దొరికేవాటితో అయస్కాంతం బాటిల్ హోల్డర్ ఎలా చేసుకోవాలో ఈ రోజు మాట్లాడుకుందాం. ఎన్నో ఏళ్లుగా ట్రాక్టర్లు బాగుచేస్తున్న మేస్త్రి గారు మనతో ఉన్నారు. మొదటి ఫోన్ జమ్మికుంట నుంచి. చెప్పండి అన్నా.

శ్రోత (జమ్మికుంట): నమస్తే మేడమ్, నమస్తే మేస్త్రి గారూ. పోయిన వారం నాకు పెద్ద గండం తప్పింది. లీటరు బాటిల్ సీటు పక్కన పెట్టుకుని రోటవేటర్ కొడుతున్నా. గట్టు దగ్గర తిప్పేటప్పుడు బాటిల్ దొర్లుకుంటూ పోయి బ్రేకు పెడల్ కింద ఇరుక్కుంది. బ్రేకు తొక్కితే దిగదు. ఎదురుగా బావి. క్లచ్ తొక్కి, చెయ్యి బ్రేకు లాగి ఎట్లనో ఆపిన. ఆ రాత్రి నిద్ర పట్టలేదు.

మేస్త్రి: అన్నా, ఇది మీ ఒక్కరి కథ కాదు. పెడళ్ల కింద బాటిల్, రెంచీ, గుడ్డ ఏదున్నా ప్రమాదమే. హోల్డర్ లేకపోయినా ఫర్వాలేదు కానీ, పాదాలు పెట్టే చోట వస్తువు ఉండకూడదు. ఇప్పుడు మీ దగ్గర ఏమేం ఉన్నాయి?

శ్రోత (జమ్మికుంట): పాత స్పీకర్ ఒకటుంది, పెద్దది. దాని అయస్కాంతం పీకి బాటిల్ కింద పెడదామనుకున్నా. కానీ బరువు చూస్తే కిలో దాకా ఉంది, పట్టు మాత్రం అంతగా లేదు.

మేస్త్రి: దానికి కారణం ఉంది. స్పీకర్‌లో అయస్కాంతం నల్లటి చక్రంలాగా ఉంటుంది. దాని పైన ఒక ఇనుప పళ్లెం, కింద ఒక ఇనుప పళ్లెం. కింది పళ్లెం నడుమ నుంచి ఒక ఇనుప మొద్దు పైకి వస్తుంది. ఆ మొద్దుకూ పై పళ్లేనికీ మధ్య సన్నని సందు ఉంటుంది, కాయిల్ ఆడేది అందులోనే. బలాన్ని ఆ సందులోకి తేవడానికే దాన్ని అలా తయారుచేశారు. అందుకే బయటికి పట్టు తక్కువ. పై పళ్లేన్ని ఉలితో నెమ్మదిగా లేపి తీసెయ్యండి. సుత్తితో గట్టిగా కొడితే చక్రం పింగాణీలాగా పగిలిపోతుంది. పళ్లెం తీశాక నడిమి మొద్దు కొంచెం పొడుచుకుని ఉంటుంది. దాన్ని లేత్ షాపులో చక్రంతో సమానంగా కోయించండి. ఇప్పుడు చక్రం ముఖం, మొద్దు ముఖం రెండూ ఒకేసారి మడ్‌గార్డ్ రేకుకు తగులుతాయి. బలం ఒక ముఖం నుంచి వెళ్లి రెండో ముఖంలోకి తిరిగి వస్తుంది. పట్టు ఎంత మారిందో మీ చేతికే తెలుస్తుంది.

శ్రోత (జమ్మికుంట): కోసేటప్పుడు ఇనుప రజను అతుక్కుపోదా?

మేస్త్రి: పోతుంది. కోసే ముందు చక్రానికి ప్లాస్టిక్ కవరు చుట్టించండి. మిగిలిన రజనును అంటుకునే టేపుతో అద్ది తీయండి. ముఖం మీద రజను ఉండిపోతే మధ్యలో సందు వస్తుంది, పట్టు తగ్గుతుంది, రంగు గీసుకుపోతుంది.

వ్యాఖ్యాత: మరి బాటిల్ పట్టే గొట్టం సంగతి?

మేస్త్రి: పొలాల్లో 90 ఎమ్ఎమ్ పీవీసీ పైపు ముక్కలు పడుంటాయి కదమ్మా, అవే. లీటరు బాటిల్ దాదాపు 8 సెంటీమీటర్ల లావు ఉంటుంది, అందులో చక్కగా దిగుతుంది. జానెడు కంటే తక్కువే, 15 సెంటీమీటర్ల ఎత్తు కోస్తే చాలు. లోపల పాత సైకిల్ ట్యూబు కోసి అంటిస్తే బాటిల్ గలగలలాడదు. అడుగున క్యాప్ వేసి నాలుగు బెజ్జాలు పెట్టండి, లేకపోతే ఒలికిన నీళ్లు, దుమ్ము కలిసి బురదవుతాయి. అయస్కాంతానికి ఇనుప పట్టీ బిగించి, ఆ పట్టీని పైపుకు రెండు బోల్టులతో బిగించండి. గమ్ ఒక్కదాన్నే నమ్ముకోవద్దు. ఎండకు వదులవుతుంది.

శ్రోత (జమ్మికుంట): నేనిప్పుడు షెడ్డులోనే ఉన్నా. అయస్కాంతం చేతిలో ఉంది. బానెట్ పక్కన పెట్టి చూస్తా, ఆగండి... అంటుకోవట్లేదు మేస్త్రి గారూ!

మేస్త్రి: మీ బానెట్ పక్క భాగం ఫైబర్ అయి ఉంటుంది. ఇప్పుడు చాలా మోడళ్లలో అలాగే వస్తోంది. మడ్‌గార్డ్ మీద పెట్టి చూడండి.

శ్రోత (జమ్మికుంట): ఇక్కడ టక్కున పట్టింది.

మేస్త్రి: అదీ చోటు. అయినా బానెట్ దగ్గర వద్దన్నా. సైలెన్సర్ వేడికి పీవీసీ మెత్తబడి వంగుతుంది. సీటులో కూర్చుని, వంగకుండా, చూడకుండా చెయ్యి చాపితే అందే చోటు వెతకండి. గేరు, హైడ్రాలిక్ లివర్లు పూర్తిగా కదిలినా హోల్డర్‌కు తగలకూడదు. ఎక్కి దిగే వైపు కూడా వద్దు, దిగేటప్పుడు లుంగీయో ప్యాంటో తగులుకుంటుంది.

వ్యాఖ్యాత: తర్వాతి ఫోన్ నంద్యాల నుంచి. చెప్పు తమ్ముడూ.

శ్రోత (నంద్యాల): నమస్తే అక్కా. సార్, నేను పాత కంప్యూటర్ హార్డ్ డిస్కుల్లోంచి మెరిసే అయస్కాంతాలు రెండు తీశాను. చిన్నవే కానీ వేళ్లు నలిగేంత బలం. వాటితో చేసి మడ్‌గార్డ్ పక్క భాగానికి, అంటే నిలువుగా ఉన్న రేకుకు పెట్టాను. ఖాళీగా ఉంటే ఊడదు. నీళ్ల బాటిల్ పెట్టి నాలుగు చాళ్లు తిరిగితే మాత్రం కిందికి జారుతోంది. ఇంకా బలమైనవి కొనాలా?

మేస్త్రి: కొనొద్దు నాయనా, ముందు విను. ఈరోజు నేను ముఖ్యంగా చెప్పాలనుకున్నది ఇదే. అయస్కాంతం మీద పది కిలోల పట్టు అని రాసుంటే, అది మందపాటి ఇనుము మీద పెట్టి నేరుగా వెనక్కి లాగినప్పటి లెక్క. నిలువు గోడ మీద పెట్టి కిందికి లాగితే అందులో మూడో వంతు, ఒక్కోసారి అయిదో వంతే వస్తుంది. ఎందుకంటే జారకుండా ఆపేది రాపిడి కదా! రేకు సన్ననిదైతే, పైన రంగు, దుమ్ము ఉంటే ఇంకా తగ్గుతుంది. నీ బాటిల్, హోల్డర్ కలిపి కిలోన్నర దగ్గర ఉంటాయి. గతుకుల్లో ఎగిరినప్పుడు ఆ బరువు మూడింతలైనట్టు పడుతుందనుకో, నాలుగున్నర కిలోలు. నిలువు రేకు మీద దాన్ని ఆపాలంటే పదమూడు నుంచి ఇరవై కిలోలకు పైగా పట్టున్న అయస్కాంతం కావాలి.

శ్రోత (నంద్యాల): అంత లెక్క ఉందా సార్!

మేస్త్రి: ఉంది. కానీ ఆ లెక్కను సులువుగా గెలవొచ్చు. ఒకటి, నిలువు రేకు వదిలి మడ్‌గార్డ్ పై భాగంలో బల్లపరుపుగా ఉన్న చోటు చూడు. అక్కడ బరువు అయస్కాంతాన్ని కిందికి నొక్కుతుంది, జారడానికి లాగదు. అక్కడ కూడా అడుగు వెడల్పుగా ఉండాలి, లేకపోతే వాలిపోతుంది. రెండు, నిలువుగానే పెట్టాలంటే అయస్కాంతాలను దగ్గర దగ్గరగా కాకుండా పైన ఒకటి, కింద ఒకటి పెట్టు. పై అంచు ఊడి వెనక్కి ఒరగడం తగ్గుతుంది. మూడోది, అసలైనది: అయస్కాంతం ముఖానికి పలుచటి సైకిల్ ట్యూబు ముక్క అంటించు. రబ్బరు మందంతో లాగే బలం కొంత పోతుంది. అయినా రబ్బరుకు రాపిడి ఎక్కువ, జారడం ఆగుతుంది. రంగు కూడా పాడవదు. పలుచగా ఉండాలి, గుర్తుపెట్టుకో. మందం పెరిగిన కొద్దీ చిన్న అయస్కాంతాల బలం వేగంగా పడిపోతుంది.

శ్రోత (నంద్యాల): సరిపోయిందని నాకెలా తెలుస్తుంది?

మేస్త్రి: స్ప్రింగ్ కాటా ఉందా ఇంట్లో? హోల్డర్‌కు తగిలించి కిందికి లాగు. అయిదు కిలోల గీత దాటినా జారకపోతే పొలానికి పట్టుకెళ్లు. మొదటి రోజు తాడు ముక్కతో కూడా కట్టి ఉంచు. ఇంకోమాట, నీవి నియోడిమియమ్ అయస్కాంతాలు. మామూలు రకమైతే 80 డిగ్రీలు దాటాక బలం శాశ్వతంగా పోయే ప్రమాదం ఉంది. స్పీకర్‌లో నల్లది ఫెర్రైట్, వేడిని ఎక్కువ తట్టుకుంటుంది. నియోడిమియమ్‌ను కోయడం, గ్రైండర్ పెట్టడం అస్సలు వద్దు. దాని పొడి నిప్పంటుకుంటుంది. వెల్డింగ్ పనేదైనా ఉంటే అయస్కాంతం పెట్టకముందే చేయించు.

వ్యాఖ్యాత: రెంటచింతల నుంచి ఒక అమ్మ లైన్లో ఉన్నారు.

శ్రోత (రెంటచింతల): నమస్కారమండీ. మా ఎండల సంగతి మీకు తెలిసిందే. మా ఆయన స్టీలు బాటిల్ తీసుకెళ్తారు. స్టీలే కదా, అయస్కాంతం పెట్టి నేరుగా అతికిస్తే సరిపోతుందనుకున్నాం. అంటుకోవడం లేదు.

మేస్త్రి: వంటింటి సామాన్లకూ బాటిళ్లకూ ఎక్కువగా వాడే స్టెయిన్‌లెస్ స్టీలును అయస్కాంతం పట్టదమ్మా. అందుకని గొట్టం కావాల్సిందే. మీ ఎండకు గొట్టం కొంచెం వెడల్పుది తీసుకుని, బాటిల్‌కు తడి గోనెసంచి ముక్క చుట్టి పెట్టండి. గాలికి తడి ఆరే కొద్దీ నీళ్లు చల్లగా ఉంటాయి. అడుగున బెజ్జాలు తప్పనిసరి.

శ్రోత (రెంటచింతల): ఇంట్లో పురుగుమందు డబ్బా ఖాళీది ఉంది. సరిగ్గా అదే కొలత. బాగా కడిగి, కోసి వాడొచ్చా?

మేస్త్రి: వద్దు తల్లీ, వద్దు. ఎంత కడిగినా ఆ ప్లాస్టిక్‌లో మందు మిగిలే ఉంటుంది. నీళ్ల బాటిల్ మూతి, చెయ్యి రోజూ దానికి తగులుతాయి. ఆ డబ్బాలకు బెజ్జం కొట్టి, ఎవరూ వాడకుండా పక్కన పెట్టాలి. ఇరవై రూపాయల ప్లాస్టిక్ మగ్గు కొనుక్కున్నా సరే, అది మాత్రం వద్దు.

వ్యాఖ్యాత: చాలామంది రైతులు ఈ పని చేస్తుంటారు, వినేవాళ్లందరూ గమనించండి. అమ్మా, ఇంకేమైనా ఉందా?

శ్రోత (రెంటచింతల): ఆయన నడుపుతూనే తాగుతారండీ. ఆపమంటే టైమ్ పోతుందంటారు.

మేస్త్రి: హోల్డర్ ఉన్నది నడుపుతూ తాగడానికి కాదమ్మా. చాలు తిరిగే చోట, గట్టు దగ్గర ఆపి, న్యూట్రల్ చేసి, నాలుగు గుక్కలు తాగమనండి. దాహం వేసేదాకా ఆగకూడదు. చెమట బాగా పడితే ఒట్టి నీళ్లే కాకుండా ఉప్పు వేసిన మజ్జిగ పట్టుకెళ్లమనండి. తల తిరిగినా, వికారంగా ఉన్నా వెంటనే దిగి నీడకు చేరాలి. నేను చెప్పానని చెప్పండి, వింటారేమో.

వ్యాఖ్యాత: సమయం దగ్గర పడింది. చివరి ఫోన్, మిర్యాలగూడ నుంచి.

శ్రోత (మిర్యాలగూడ): నమస్కారం సార్. మా నాన్నకు గుండెలో పేస్‌మేకర్ పెట్టారు. ఇప్పుడు కూడా దమ్ము పనికి ఆయనే ట్రాక్టర్ ఎక్కుతారు. ఈ అయస్కాంతం పెట్టొచ్చా?

మేస్త్రి: మంచి ప్రశ్న అడిగారు బాబూ. బలమైన అయస్కాంతం పేస్‌మేకర్ దగ్గరికి వస్తే దాని పనితీరు మారిపోతుంది. కనీసం జానెడు దూరం ఉండాలంటారు. కానీ బాటిల్ తీసేటప్పుడు మనిషి వంగుతాడు, హోల్డర్ ఊడితే ఎత్తి ఒళ్లో పెట్టుకుంటాడు. మీ నాన్నగారి ట్రాక్టర్‌కు అయస్కాంతం వద్దు. అదే పీవీసీ గొట్టాన్ని ఇనుప క్లాంపుతో, బోల్టులతో మడ్‌గార్డ్ కడ్డీకి బిగించండి. బురదలో దమ్ము చేసేటప్పుడు అది ఇంకా గట్టిగా ఉంటుంది కూడా.

శ్రోత (మిర్యాలగూడ): ఇంట్లో చిన్నపిల్లలున్నారు. తమ్ముడి బండికి అయస్కాంతంది చేద్దామనుకుంటున్నాం.

మేస్త్రి: అయితే పెద్ద ఫెర్రైట్ చక్రమే వాడండి. గోళీలంత చిన్నవి వద్దు. పిల్లలు అలాంటివి రెండు మింగితే పేగుల మధ్య ఒకదానికొకటి అతుక్కుని పేగు చిల్లు పడుతుంది. మింగారని అనుమానం వచ్చినా అదే గంటలో ఆసుపత్రికి తీసుకెళ్లాలి. పని అయ్యాక హోల్డర్ ఊడదీసి టూల్ బాక్సులో పెట్టి తాళం వెయ్యమని మీ తమ్ముడికి చెప్పండి.

శ్రోత (మిర్యాలగూడ): అలాగే సార్. క్లాంపు ఏ సైజుది తేవాలి?

మేస్త్రి: ముందు కడ్డీకి దారం చుట్టి కొలవండి. ఆ దారం పట్టుకుని కొట్టుకు వెళ్లండి, వాళ్లే ఇస్తారు.