గడియారం సంగతి తర్వాత చూద్దామన్నాను

అందరికీ నమస్కారం. వేదిక మీదున్న పెద్దల పేర్లన్నీ చదివితే నాకిచ్చిన పది నిమిషాలూ అక్కడే అయిపోతాయి. క్షమించాలి.

ముందు మీ మీద ఒక ఫిర్యాదు. మా కంప్యూటర్ సపోర్ట్‌కు ఫోన్ చేసి "సిస్టమ్ పని చెయ్యట్లేదు" అంటారు. తెర మీద ఏమొచ్చిందండీ అంటే "ఏదో వచ్చింది, ఓకే కొట్టేశాను" అంటారు. ఆ 'ఏదో' ఏమిటన్నదే మాకు కావాలి! చేతిలో ఫోన్ ఉంటుంది కదా, ఒక్క ఫొటో తియ్యండి.

రీస్టార్ట్ చేశారా అంటే "షట్‌డౌన్ చేసి ఆన్ చేశాను" అంటారు. రెండూ ఒకటి కాదు. విండోస్ 8 నుంచి ఫాస్ట్ స్టార్టప్ అని ఒకటుంది. అది ఆన్‌లో ఉంటే, షట్‌డౌన్ చేసినప్పుడు విండోస్ తన లోపలి స్థితిని డిస్కులో దాచుకుని, మళ్లీ ఆన్ చెయ్యగానే దాన్నే బయటికి తీస్తుంది. నిన్న మొరాయించిన డ్రైవర్, అంటే ప్రింటర్ లాంటి పరికరాలను నడిపించే ప్రోగ్రామ్, ఇవాళా మొరాయించవచ్చు. రీస్టార్ట్ నొక్కితేనే అంతా మొదటినుంచి మొదలవుతుంది.

ఇలాంటివి పది రాసుకొచ్చాను గానీ, ఎదురుగా అకౌంట్స్ వాళ్లను చూస్తే ఒక సంగతి గుర్తొచ్చింది. ఇక ఆ కాగితం పక్కన పెట్టేస్తాను.

నేను కొత్తగా చేరిన రోజులు. నెలాఖరు. అకౌంట్స్ మేడమ్ సిస్టమ్‌లో ఏ వెబ్‌సైటు తెరిచినా 'కనెక్షన్ సురక్షితం కాదు' అంటోంది. పక్క సిస్టమ్‌లో అన్నీ బాగానే వస్తున్నాయి. వైరస్ అని తేల్చేశాను. స్కాన్ పెట్టాను, బ్రౌజర్ తీసేసి మళ్లీ వేశాను, కేబుల్ మార్చాను. మధ్యాహ్నం దాటింది. ఆవిడ టెన్షన్ ఆవిడది. చివరికి నీరసంగా కుర్చీలో కూలబడి చూస్తే, తెర కింద కుడి మూల తేదీ జనవరి 1. అదీ ఎన్నో ఏళ్ల కిందటిది!

కంప్యూటర్ లోపలి ప్రధాన బోర్డు, అదే మదర్‌బోర్డు మీద నాణెమంత బ్యాటరీ ఉంటుంది, సీఆర్ 2032, 3 వోల్టులది. కరెంటు తీసేసినా గడియారాన్ని నడిపేది అదే. అది అయిపోయింది. సురక్షితమైన ప్రతి వెబ్‌సైటుకూ ఫలానా తేదీ నుంచి ఫలానా తేదీ దాకా చెల్లే సర్టిఫికెట్ ఉంటుంది. ఈ సిస్టమ్ లెక్కలో ఆ మొదటి తేదీ ఇంకా రానేలేదు. మరి ఎలా నమ్ముతుంది?

అసలు విషయం ఇంకోటుంది. ఆవిడ పొద్దున్నే చెప్పారు: "ఆన్ చేసినప్పుడల్లా టైమ్ తప్పు చూపిస్తోందండీ, రోజూ నేనే మారుస్తున్నా, ఇవాళ మర్చిపోయాను." గడియారం సంగతి తర్వాత చూద్దాం లెండి, అన్నాను నేను.

వెనక నవ్వుతున్న సపోర్ట్ కుర్రాళ్లూ, మీకే చెప్తున్నాను. 1947 సెప్టెంబరు 9న హార్వర్డ్ మార్క్ 2 అనే తొలినాళ్ల కంప్యూటర్‌లో, రిలే అనే విద్యుత్ స్విచ్‌లో పురుగు దొరికితే, దాన్ని టేపుతో లాగ్ పుస్తకంలో అంటించి మరీ రాసిపెట్టారు. మనం ఎదుటి మనిషి చెప్పిన ఒక్క వాక్యం రాసుకోలేమా?

బ్యాటరీ మార్చాక ఆవిడ అడిగారు, "వైరస్ పోయినట్టేనా?" అని. పోయిందండీ, అన్నాను. ఆవిడ ఇప్పుడు మూడో వరసలో కూర్చున్నారు. మేడమ్, అసలు వైరస్సే లేదండీ.