లాకు కింది నీళ్లు, నాజిల్ బయటి గాలి

అధ్యాపకులకు, విద్యార్థులకు నమస్కారం. ధ్వనిని మించిన వేగంతో దూసుకుపోయే గాలి ధారను, అంటే జెట్‌ను, ప్రయోగశాలలో ఎలా పుట్టిస్తారో, ఎలా చూస్తారో ఈ రోజు చెబుతాను.

ధవళేశ్వరం నుంచి వచ్చే కాలువల మీద లాకులు చూడనివారు ఈ హాలులో ఉండరు. లస్కరు షట్టరు కాస్త ఎత్తగానే కింద నుంచి నీరు పల్చగా, అద్దంలా జారుకుంటూ దూసుకుపోతుంది. కొద్ది గజాలు వెళ్లాక ఒక్కసారిగా పైకి లేచి, నురగలు కక్కి, నెమ్మదిస్తుంది. ఇంజనీర్లు దాన్ని హైడ్రాలిక్ జంప్ అంటారు. పది సెంటీమీటర్ల లోతు నీటిలో అల వేగం సెకనుకు సుమారు ఒక మీటరు. నీరు అంతకు మించి పరుగెడుతుంటే అల ఎదురెక్కలేదు. దిగువన ఏం జరిగినా ఎగువకు కబురు అందదు. గాలిలో ఆ కబురు మోసేది ధ్వని. ధ్వనిని మించిన జెట్‌లో కనిపించే జంపే షాక్ తరంగం.

అందుకే గాజు అడుగు మీద పల్చగా నీరు పారించే నీటి బల్ల కూడా ఒక ప్రయోగశాలే. దానితో అంకెలు మాత్రం తేల్చకండి. విశిష్టోష్ణాల నిష్పత్తి (స్థిర పీడనంలో, స్థిర ఘనపరిమాణంలో వాయువును ఒక డిగ్రీ వేడెక్కించడానికి కావలసిన ఉష్ణాల నిష్పత్తి) 2 ఉన్న ఊహా వాయువుకే నీటి అంకెలు సరిపోతాయి. మన గాలికి ఆ నిష్పత్తి 1.4.

ఇక అసలు గాలి. ముందు సన్నబడి తర్వాత వెడల్పయ్యే నాజిల్‌ను స్వీడన్ ఇంజనీరు డి లావాల్ ఆవిరి టర్బైను కోసం తయారు చేశాడు. మాక్ 2 జెట్, అంటే ధ్వనికి రెండింతల వేగమున్న జెట్ రావాలంటే లోపలి పీడనం బయటి పీడనానికి 7.8 రెట్లు ఉండాలి. నాజిల్ బయటి మూతి వ్యాసం 10 మిల్లీమీటర్లే అయినా సెకనుకు 85 గ్రాముల గాలి ఖర్చవుతుంది. మూతి 40 మిల్లీమీటర్లు చేస్తే ఖర్చు పదహారు రెట్లు. అందుకే కంప్రెసర్‌తో గంటల తరబడి ట్యాంకు నింపుతారు, కొద్దిసేపట్లో ఖాళీ చేస్తారు. మా రోజుల్లో సగం ఆ నిరీక్షణలోనే గడిచింది.

అంతకంటే పెద్ద తలనొప్పి తేమ. వర్షాకాలంలో అప్పడం పావుగంటలో మెత్తబడే ఊళ్లు మనవి. మాక్ 2 వద్ద గది వేడిమిలోని గాలి మైనస్ 106 డిగ్రీలకు చల్లబడుతుంది. అందులో తేమ ఉంటే నాజిల్‌లోనే మంచుపొగ కడుతుంది, ప్రవాహమే మారిపోతుంది. కాబట్టి గాలిని ముందుగా సిలికా జెల్ వంటి శోషకం గుండా పంపి ఆరబెట్టాలి. తర్వాత వెడల్పాటి గదిలో తేనెపట్టు జాలీలు దాటించి సుడులు అణచాలి.

గాలి కంటికి కనిపించదు కదా అంటారు. పొయ్యి మీద గాలి అలలాడటం చూశారుగా! సాంద్రత మారిన చోట కాంతి వంగుతుంది. వంగిన కిరణాల్లో కొన్నింటిని పదునైన అంచుతో అడ్డుకుంటే షాక్ తరంగాలు నలుపు తెలుపుల్లో తేలతాయి. శాస్త్రవేత్త టోప్లర్ 1864లో రూపొందించిన ఈ ష్లీరెన్ పద్ధతితోనే మాక్, సాల్చర్ అనే శాస్త్రవేత్తలు తూటా ముందరి షాక్‌ను ఫొటో తీశారు.

చెవికి తెలిసేది మరొకటి: కీచుశబ్దం. జెట్ అంచుల్లోని సుడులు షాక్ గళ్లను (జెట్‌లో షాక్ తరంగాలు వరుసగా కట్టే గళ్లను) తాకినప్పుడు పుట్టిన ధ్వని జెట్ బయటి నుంచి వెనక్కి నాజిల్ అంచుకు చేరి కొత్త సుడుల్ని రేపుతుంది. పావెల్ అనే పరిశోధకుడు 1953లో దీన్ని వివరించాడు. గోడలు ఆ ధ్వనిని తిప్పికొట్టకుండా స్పాంజి లాంటి ఫోమ్ ముక్కలు తాపడం చేస్తారు. ఒకసారి మాకు కొత్త స్వరం వినిపించి రెండు రోజులు సంబరపడ్డాం. తీరా చూస్తే నాజిల్ పక్కన మరిచిపోయిన ఇనుప బిగింపు!

వరండాలో నీటి బల్ల పెట్టించాను. చూసి రండి, నేల తడిగా ఉంది, జారతారు.