మూతి వంకర పోయినప్పుడు నుదురు చూడండి

అందరికీ నమస్కారం. ఆశా కార్యకర్తలు, ఏఎన్ఎం సిస్టర్లు ఇంతమంది పనులు వదులుకొని వచ్చారు. మెదడు గురించి చెప్పమన్నారు నన్ను. మెదడంతా ఒక పూటలో చెప్పడం ఎవరి వల్లా కాదు. అందుకే ఒక్క నరాన్నే పట్టుకుంటాను. మీ ఊళ్ళో మీకు తప్పకుండా ఎదురయ్యేది.

మెదడు నుంచి నేరుగా బయల్దేరే నరాలు 12 జతలు. వీటిని కపాల నాడులంటాం. వాసనకు ఒకటి, చూపుకు ఒకటి, ఇలా ఒక్కోదానికి ఒక్కో పని. పదోదైన వేగస్ గుండె దాకా, పేగుల దాకా దిగుతుంది. మనకు కావలసింది ఏడోది, ముఖ నాడి. నవ్వినా, కన్ను మూసినా, బూర ఊదినా దాని పనే.

ఈ నరం బ్రెయిన్ స్టెమ్ నుంచి, అంటే మెదడు అడుగున కాడలా ఉండే భాగం నుంచి వచ్చి, చెవి దగ్గరి ఎముకలో సన్నని సొరంగం గుండా బయటికొస్తుంది. ఒకచోట ఆ దారి మిల్లీమీటరు వెడల్పు కూడా ఉండదు. నరం వాచిందనుకోండి, ఎముక సాగదు కదా, నలిగిపోతుంది. పొద్దున లేచేసరికి ముఖం ఒక పక్క జారిపోయి ఉంటుంది. ఊళ్ళో చల్లగాలి తగిలిందంటారు. డాక్టర్లు బెల్స్ పాల్సీ అంటారు. 1821లో ఈ నరం గురించి రాసిన సర్జన్ చార్లెస్ బెల్ పేరు మీద వచ్చిన మాట అది.

ఆ మనిషిని కాసేపు మాట్లాడించండి. పుక్కిలిస్తే నీళ్ళు ఒక పక్కనుంచి కారిపోతున్నాయంటారు. కూర రుచి తెలియట్లేదంటారు. గిన్నె చప్పుడు కూడా చెవిలో మోగుతోందంటారు. రుచికీ చెవికీ మూతికీ ఏం సంబంధమని చాలామంది ఇవి డాక్టరుకు చెప్పనే చెప్పరు. సంబంధం ఉంది. నాలుక ముందు భాగంలో రుచి తెచ్చేది ఈ నరమే. పెద్ద చప్పుళ్ళను తగ్గించే చిన్న కండరం ఒకటి చెవి లోపల ఉంది, దాన్ని ఆడించేదీ ఇదే.

మరి పక్షవాతంలోనూ, అంటే స్ట్రోక్‌లోనూ మూతి వంకర పోతుంది కదా? ఇక్కడే నుదురు చూడాలి. మూతి చుట్టూ ఉన్న కండరాలకు ఆజ్ఞ ముఖ్యంగా అవతలి పక్క మెదడు నుంచి, అంటే కుడి మూతికి ఎడమ మెదడు నుంచి వస్తుంది. నుదుటికి మాత్రం మెదడు రెండు వైపుల నుంచీ వస్తుంది. మెదడులో ఒక పక్క దెబ్బతింటే రెండో పక్క ఆదుకుంటుంది కాబట్టి, మూతి జారినా నుదుటి మీద ముడతలు పడతాయి. బెల్స్ పాల్సీలో నరమే నలిగింది గనక ఆ పక్క నుదురు కూడా నున్నగా ఉండిపోతుంది.

మా పెదనాన్నకు మూతి వంకర పోయిన రోజు కనుబొమ్మలు రెండూ చక్కగానే లేచాయి. మా ఇంట్లో ఎవరికీ ఈ సంగతి తెలియదు. పసరు మందు కోసం పక్క ఊరికి తీసుకెళ్ళారు. ఆస్పత్రికి చేరేసరికి సాయంత్రమైంది. కుడి చెయ్యి మళ్ళీ లేవలేదు. పక్షవాతం తెచ్చిన రక్తపు గడ్డను కరిగించే ఇంజెక్షన్ మామూలుగా నాలుగున్నర గంటల లోపే ఇవ్వాలి. ఆయన చనిపోయేదాకా ఎడమ చేత్తోనే అన్నం తిన్నాడు. నేను ఈ మాటలు ఊరూరా చెప్పడానికి కారణం అదే.

అలాగని నుదురు చూసి మీరే తీర్పు చెప్పకండి. స్ట్రోక్ బ్రెయిన్ స్టెమ్‌లో వస్తే నుదురు కూడా పడిపోవచ్చు. ముఖం హఠాత్తుగా జారితే ఏదైనా సరే, ముందు 108కి ఫోన్ చేయండి. ఎన్ని గంటలకు మొదలైందో రాసిపెట్టండి. బెల్స్ పాల్సీ అయినా స్టెరాయిడ్ మాత్రలు 72 గంటల లోపు మొదలుపెడితేనే మేలు. వాళ్ళలో ఎక్కువమంది కొన్ని నెలల్లో కోలుకుంటారు, ఆ ధైర్యం చెప్పండి.

కన్ను మాత్రం మరచిపోవద్దు. రెప్ప ఎత్తేది మూడో నాడి, మూసేది ఏడోది. ఏడోది పడిపోతే కన్ను రాత్రంతా తెరుచుకునే ఉండి, ఎండిపోయి, నల్లగుడ్డు మీద పుండు పడుతుంది. డాక్టరు రాసిన చుక్కలు వేయాలి, రాత్రి రెప్ప మూసి టేపు అంటించాలి.

ఇప్పుడు ఇద్దరిద్దరు ఎదురెదురుగా కూర్చోండి. కనుబొమ్మలు ఎత్తమనండి, కళ్ళు గట్టిగా మూయమనండి, పళ్ళు చూపించమనండి, రెండు చేతులూ ముందుకు చాపమనండి. నేను వరసల మధ్య తిరుగుతూ చూస్తాను.