ఈపీలున్న ఇంటికి ఏ టర్న్‌టేబుల్?

నమస్తే అండీ, న్యూజెర్సీలోని ఎడిసన్ నుంచి. ఇదిగో, రికార్డులు తిప్పే ఈ రెండు టర్న్‌టేబుళ్లూ చూడండి. ఎడమ పక్కది రేగా ప్లానార్ 3, కుడి పక్కది టెక్నిక్స్ ఎస్ఎల్-1500సీ. "ఒకే పని చేసే డబ్బాలు రెండెందుకండీ?" అని మా ఆవిడ అడుగుతూనే ఉంటుంది. ఆవిడ ముందు నోరు పెగలని జవాబు ఇవాళ మీకు చెబుతాను.

రేగా ఇంగ్లండు కంపెనీ, 1973లో మొదలైంది. తేలిగ్గా, గట్టిగా ఉండాలి, అక్కర్లేని హంగు ఒక్కటీ ఉండకూడదు, ఇదీ వాళ్ల పద్ధతి. మోటారుకీ ప్లాటర్‌కీ, అంటే రికార్డు పెట్టే పళ్లేనికీ, మధ్య రబ్బరు బెల్టు ఉంటుంది, మోటారు వణుకుని అది మింగేస్తుంది. గాత్రం, వయొలిన్ వినాలంటే ఇప్పటికీ నాకు ఇదే కావాలి. ఎల్పీ, అంటే 33 వేగంతో తిరిగే పెద్ద రికార్డు, పెట్టుకుంటే ఇరవై నిమిషాలు లేవక్కర్లేదు.

మరి మన పెట్టెల్లో ఉన్నవన్నీ ఎల్పీలేనా? మా నాన్నగారు కొన్నవాటిలో ఎక్కువ భాగం సినిమా ఈపీలే. ఏడంగుళాల రికార్డు, 45 వేగం (నిమిషానికి 45 చుట్లు), పక్కకి రెండేసి పాటలు. రేగాలో 33 నుంచి 45కి మారాలంటే గాజు ప్లాటర్ ఎత్తి, కింద బెల్టుని చేత్తో పుల్లీ మీద ఇంకో మెట్టుకి జరపాలి. ఒక ఈపీ, ఒక ఎల్పీ, మళ్లీ ఈపీ... ఇక పాటలు వినేదెప్పుడు? ఇక్కడి రివ్యూలలో ఈ ఇబ్బందిని ఒక్క ముక్కలో తేల్చేస్తారు, వాళ్లు వినేవి ఎల్పీలు కాబట్టి. టెక్నిక్స్ డైరెక్ట్ డ్రైవ్, మోటారే నేరుగా ప్లాటర్‌ని తిప్పుతుంది, బెల్టే లేదు. బటన్ నొక్కితే వేగం మారుతుంది, 33, 45 బటన్లు రెండూ కలిపి నొక్కితే 78. అందుకే ఇది కూడా ఇంటికొచ్చింది.

అన్నట్టు, అమెరికా 45ల మధ్యలో పెద్ద చిల్లి ఉంటుంది, వాటికి అడాప్టర్ కావాలి. మన ఈపీలకి ఎల్పీలాగే చిన్న చిల్లి, నేరుగా కూర్చుంటాయి.

ఇండియాలో ఉన్న నాన్నగారి టర్న్‌టేబులే తెచ్చుకోవచ్చు కదా అని చాలామంది అంటారు. వోల్టేజి సంగతి సులువు, 230కీ 120కీ మధ్య ట్రాన్స్‌ఫార్మర్ పెట్టుకుంటే సరిపోతుంది. దానితో తీరనిది ఫ్రీక్వెన్సీ. అక్కడి కరెంటు 50 హెర్ట్జ్, ఇక్కడిది 60. పాతవాటిలో చాలావాటి ఏసీ మోటారు కరెంటు ఫ్రీక్వెన్సీని బట్టే తిరుగుతుంది. అంటే ఇక్కడ వేగం 20 శాతం ఎక్కువ. నిమిషానికి 33 చుట్లు తిరగాల్సిన ఎల్పీ 40 తిరుగుతుంది. ఒకటి శ్రుతిలో పాడినాయన రెండున్నరలో వినిపిస్తాడు! ట్రాన్స్‌ఫార్మర్ దీన్ని మార్చలేదు. గెరార్డ్ లాంటి పాత ఇంగ్లీషు యంత్రాలైతే 60 హెర్ట్జ్ పుల్లీ వెతికి వేయించుకోవచ్చు. లేదంటే అది అక్కడే అన్నయ్యగారింట్లో హాయిగా ఉండనివ్వండి, రికార్డులు మాత్రం తెచ్చుకోండి. చెకిన్ సూట్‌కేసులో వద్దు, చేతిసంచీలో, నిలువుగా.

ఇంకోటి, ఇక్కడివి చెక్క ఇళ్లు. పిల్లలు హాల్లో పరుగెత్తితే నేల ఊగి సూది గెంతుతుంది. మన గచ్చు నేలల మీద ఈ బాధే తెలీదు. గోడకి షెల్ఫ్ వేసి దానిమీద పెట్టండి. గోడ పైన ఉండే పలక, డ్రైవాల్‌కి కాదు సుమా, దాని లోపలి నిలువు చెక్క, స్టడ్, వెతికి బిగించండి. చలికాలం హీటర్ గాలికి ఇల్లు పొడిబారి రికార్డుకి స్టాటిక్ పడుతుంది, చిటపటలు మొదలవుతాయి. కార్బన్ ఫైబర్ బ్రష్ పక్కనే ఉంచుకోండి. తడిగుడ్డలు, సబ్బునీళ్లు లేబుల్ మీదకి పోనివ్వకండి.

కొత్తగా మొదలుపెట్టేవాళ్లు రేగా జోలికీ, టెక్నిక్స్ జోలికీ పోనక్కర్లేదు. ఆడియో-టెక్నికా ఎల్పీ120 చూడండి. 1500సీ ధరలో దాదాపు మూడో వంతు. మూడు వేగాలూ ఉన్నాయి, సూది నుంచి వచ్చే సన్నటి సిగ్నల్‌ని పెంచే ఫోనో ప్రీఆంప్ లోపలే ఉంది. సూట్‌కేస్ ఆకారంలో ముద్దొచ్చే చవక ప్లేయర్లు మాత్రం వద్దు, చాలావాటిలో సూది రికార్డు మీద మోపే బరువు సర్దుకునే వీలే ఉండదు. మిగిలిన డబ్బుతో ప్రిన్స్‌టన్ రికార్డ్ ఎక్స్ఛేంజ్‌కి వెళ్లండి. 1980 నుంచి ఉన్న షాపు, చవక రికార్డుల పెట్టెలు తిరగేస్తుంటే పొద్దే తెలీదు.

తాతల నాటి లక్క రికార్డులు, అవే 78లు, ఉంటే వాటికి సూదే వేరు. వాటి గాడి వెడల్పు, ఎల్పీ సూది అడుగున ఈదుతూ గరగరమంటుంది. ఎల్పీ120తో వచ్చే వీఎం95ఈ సూదిని లాగేసి, అదే కార్ట్రిడ్జ్‌కి (సూదిని పట్టుకునే భాగానికి) వీఎం95ఎస్‌పీ సూది తొడగొచ్చు. ఈ సూదికి 5 గ్రాముల బరువు పెట్టాలి, మామూలు దానికి 2. మళ్లీ ఈపీ పెట్టే ముందు సూదీ మార్చండి, బరువూ తగ్గించండి.