డైమండ్ డీఏ40 ఫ్రీగా ఇచ్చారు... అయినా నా ఓటు సెస్నాకే!

అందరికీ నమస్కారం. ముందే చెప్పేస్తున్నా, విమానం నడపడం నేర్చుకోవడానికి డైమండ్ మేలా, సెస్నా మేలా అనే ఈ వీడియో కోసం డాలస్ దగ్గర ఒక ఫ్లయింగ్ స్కూల్ వాళ్లు డైమండ్ డీఏ40 ఎన్‌జీ అనే చిన్న విమానాన్ని పైసా తీసుకోకుండా ఇచ్చారు. ఫ్యూయెల్ కూడా వాళ్లదే. ఏం మాట్లాడాలో మాత్రం చెప్పలేదు. చెప్పి ఉండాల్సిందని ఇది చూశాక అనుకుంటారేమో!

స్పెక్స్ మీరు ఎక్కడో చూసే వచ్చుంటారు, మళ్లీ చదవను. ఇంజిన్ గురించి ఒక్క మాట. మెర్సిడెస్ కారు డీజిల్ ఇంజిన్‌ని విమానానికి మలిచారు, జెట్ ఫ్యూయెల్‌తో నడుస్తుంది. పవర్‌కి లివర్ ఒక్కటే. ఇంధనం, గాలి పాళ్లు సరిచేసే మిక్స్చర్ లేదు, కార్బ్యురేటర్‌లో మంచు పట్టకుండా వాడే కార్బ్ హీట్ లేదు. విమానాన్ని తిప్పే స్టిక్ చేతిలో ఎంత హాయిగా ఉందంటే, దిగబుద్ధి కాలేదు. చుట్టూ అద్దమే కాబట్టి ఫైనల్‌కి, అంటే దిగడానికి రన్‌వేకి ఎదురుగా, తిరుగుతుంటే రన్‌వే మొత్తం కనిపిస్తుంది. సెస్నాలో సరిగ్గా అప్పుడే రెక్క అడ్డొస్తుంది.

ఇక ఆ అద్దం సంగతికొద్దాం.

ఆగస్టు, టెక్సస్, మిట్టమధ్యాహ్నం. కానపీ, అంటే ఆ అద్దపు పైకప్పు, కింద కూర్చున్నాం. నేను ఎక్కినదాంట్లో ఏసీ లేదు. ట్యాక్సీ చేసేటప్పుడు, అంటే రన్‌వే దాకా నేలమీద నడిపేటప్పుడు, కానపీని కొంచెం ఎత్తి పెట్టుకోవచ్చు, కాస్త గాలి ఆడుతుంది. టేకాఫ్‌కి ముందు మూసి లాక్ చేయాల్సిందే. ముందు మూడు విమానాలున్నాయి, టవర్ వాడు ఆగమన్నాడు. ఎండ నెత్తిమీదే. టోపీ పెట్టుకోవచ్చు కదా అంటారు. పెట్టుకుని చూడండి! టోపీ మీద చిన్న బటన్ ఉంటుందే, అది సరిగ్గా హెడ్‌సెట్ కింద పడి గంటసేపు నెత్తిలో గుచ్చుతూనే ఉంటుంది. ఇక్కడ సగంమంది పైలట్లు కొత్త టోపీ కొనగానే ఆ బటన్ పీకేస్తారు. నేనూ అంతే.

ఇప్పుడు సెస్నా 172 చూడండి. రెక్క మన నెత్తిమీద ఉంటుంది. నీడ! బ్రోషర్‌లో ఎక్కడా రాయరు గానీ, ట్రైనింగ్ విమానానికి ఇంతకంటే మంచి ఫీచర్ నాకు తెలీదు. బేగంపేటలో నేర్చుకున్న రోజుల్లో ఎగిరే ముందు మా బ్రీఫింగులన్నీ సెస్నా 152, అంటే 172కి రెండు సీట్ల తమ్ముడు, రెక్క కిందే జరిగేవి. టిఫిన్ కూడా అక్కడే. కిటికీ తెరుచుకుంటుంది, ఎగురుతున్నప్పుడు కూడా. చెమటలు కారుతుంటే స్టూడెంట్ బుర్రలోకి ఏమీ ఎక్కదు, ఇన్‌స్ట్రక్టర్‌కి ఓపికుండదు. నేను కుడి సీటువాణ్ణి, అంటే ఇన్‌స్ట్రక్టర్‌ని, కాబట్టి ఇది పట్టించుకుంటా.

న్యాయంగా ఇంకోటి చెప్పాలి. ఎండ మనల్నే కాదు, ఇంజిన్‌నీ దెబ్బతీస్తుంది. బేగంపేట ఎత్తు 1,742 అడుగులు. 40 డిగ్రీల రోజున గాలి పలచబడి, విమానానికి అది 5,000 అడుగులు దాటిన ఊరులా అనిపిస్తుంది. పాపం 152 ఆయాసపడుతూ ఎక్కుతుంది. డైమండ్‌కి గాలిని ఒత్తి ఇంజిన్‌లోకి పంపే టర్బో ఉంది, దాని పవర్ అంతగా పడిపోదు. కాగితం మీద ఎండలకి డైమండే సరైనది. ఇండియాలో ఏవ్‌గ్యాస్, అంటే చిన్న విమానాల పెట్రోల్, వెతుక్కునే గోల కూడా తప్పుతుంది. ఒప్పుకుంటున్నా. అయినా నా మనసు మారలేదు.

172లో కొత్త రకమైన 172ఎస్‌లో చిరాకు లేదా అంటే ఉంది. ఫ్యూయెల్‌లో నీళ్లున్నాయో లేదో చూడ్డానికి 13 చోట్ల కొంచెం కొంచెం ఫ్యూయెల్ బయటికి తీసి చూడాలి. పదమూడు! పాత 172ల్లో ఇంత తతంగం లేదు.

పైపర్ ఆర్చర్ అనే ఇంకో శిక్షణ విమానం గురించి కామెంట్లలో అడుగుతున్నారు. బాగుంటుంది. తలుపు ఒక్కటే, అదీ కుడివైపు. ఫ్యూయెల్ ట్యాంక్ లెఫ్టా రైటా అని మార్చుకుంటూ ఉండాలి, రెండూ కలిపి పెట్టే వీల్లేదు. రెక్క కింద ఉంటుంది, అంటే నీడ సున్నా. ఇంక చాలు.

లైసెన్స్ కోసం ఎగిరిన గంటలు పోగేసుకునేవాళ్లు వినండి. మన విమానయాన నియంత్రణ సంస్థ డీజీసీఏ ఇచ్చే కమర్షియల్ పైలట్ లైసెన్స్‌కి 200 గంటలు కావాలి, అందులో 100 పైలట్ ఇన్ కమాండ్‌గా, అంటే విమానం బాధ్యత మనదే అయినవి. ఇక్కడ అమెరికా నియంత్రణ సంస్థ ఎఫ్ఏఏకి మామూలు దారిలో 250. అన్ని గంటలూ డైమండ్‌లో తిరిగితే అప్పు తప్ప ఏమీ మిగలదు. వీలైతే 152 చూసుకోండి. కాకపోతే ఫ్రెండ్‌తో వెళ్లాలంటే ముందు ఇద్దరూ బరువు చూసుకోవాలి. గరిష్ఠం 1,670 పౌండ్లు. ఖాళీ విమానం 1,150 అనుకుందాం, ఫుల్ ట్యాంకులకి దాదాపు 150. మిగిలింది 370, అంటే ఇద్దరికీ కలిపి 168 కిలోలు, బ్యాగులతో సహా. ఒక్కొక్కరు తొంభై ఉంటే ఫ్యూయెల్ తగ్గించుకోవాల్సిందే.

విమానం అద్దె రేటు అడిగేటప్పుడు గంటలు లెక్కపెట్టేది హాబ్స్ మీటరా, ట్యాక్ మీటరా అని కూడా అడగండి. హాబ్స్ సాధారణంగా ఇంజిన్ స్టార్ట్ అయిన దగ్గర్నుంచి తిరుగుతుంది, క్యూలో ఎండలో మాడుతున్నా డబ్బులు పోతూనే ఉంటాయి. ట్యాక్ అలా కాదు, తక్కువ ఆర్‌పీఎమ్‌లో నెమ్మదిగా తిరుగుతుంది. గంట రేటు ఒకటే కనిపించినా బిల్లు ఒకటి కాదు.

నా మాట ఇదీ: నేర్చుకోవడానికి 172, గంటలకి 152. డైమండ్ కావాలంటే డిసెంబర్‌లో ఎగరండి, నేనూ వస్తా, వాళ్లు మళ్లీ పిలిస్తే.