టాప్ 20 పికప్

అందరికీ నమస్కారం. వేదిక మీదున్న పెద్దల పేర్లు ఇందాకే చదివారు కాబట్టి నేను మళ్లీ చదవను. ఇంగ్లాండ్‌కు చెందిన ద క్యూర్ అనే రాక్ బృందం నాయకుడు రాబర్ట్ స్మిత్ వాయించిన గిటార్ల గురించి మాట్లాడమన్నారు. ఒక్కో గిటార్ గురించి వరుసగా రాసుకొచ్చాను. కానీ మొదటి దాని దగ్గరే నేను చెప్పాల్సింది చాలా ఉంది.

లండన్‌కు దక్షిణాన క్రాలీ అనే ఊళ్లో పెరిగాడు స్మిత్. అతని చేతిలో ఉన్నది టాప్ 20 అనే చవక గిటార్. వూల్‌వర్త్స్‌లో, అంటే మిఠాయిల నుంచి గిన్నెల దాకా అన్నీ అమ్మే దుకాణంలో దొరికేది. 1979లో వచ్చిన తొలి ఆల్బమ్ రికార్డింగుకు దాన్నే తీసుకెళితే, ఫిక్షన్ రికార్డ్స్ అనే రికార్డుల కంపెనీ స్థాపించిన క్రిస్ ప్యారీ ఒప్పుకోలేదు. మంచి గిటార్ తెచ్చుకోమన్నాడు. స్మిత్ ఫెండర్ కంపెనీ వాళ్ల జాజ్‌మాస్టర్ గిటార్ కొన్నాడు. కొని ఏం చేశాడు? టాప్ 20లోని పికప్ ఊడదీసి కొత్త గిటార్‌లో పెట్టించాడు! ప్యారీకి కోపం వచ్చింది. ఆ ఆల్బమంతా ఆ పికప్‌తోనే వాయించానని స్మిత్ తర్వాత చెప్పాడు.

పిల్లలూ, పికప్ అంటే అయస్కాంతం, దాని చుట్టూ వేల చుట్లు చుట్టిన సన్నటి రాగి తీగ. పైన ఉక్కు తీగ కదిలితే ఇందులో కరెంటు పుడుతుంది. ఎన్ని చుట్లు, ఎలాంటి అయస్కాంతం అన్నదాన్ని బట్టి గొంతు మారుతుంది. స్మిత్ తన గొంతును వదులుకోలేదు.

ఇక్కడ ఒక మాట చెప్పకుండా ముందుకు వెళ్లలేను. నా దగ్గర నేర్చుకునే ఒక అబ్బాయి తీగలు మార్పించుకుందామని ఒక షాపుకు వెళ్లాడు. కౌంటర్‌లో ఉన్నాయన వాళ్ల నాన్న ఎదుటే "ఇది బొమ్మ సార్, పక్కన పడేసి కొత్తది కొనండి" అన్నాడట. కొత్తది కొనే స్తోమత ఆ ఇంట్లో లేదు. అబ్బాయి మళ్లీ క్లాసుకు రాలేదు. ఆ గిటార్‌కు ఉన్న రోగమల్లా తీగలు మరీ ఎత్తుగా ఉండటమే. తీగలు ఆనే బ్రిడ్జి కాస్త దించి, మెడ మీది లోహపు మెట్లు, అదే ఫ్రెట్ల అంచులు రుద్దితే చక్కగా పలికేది. నాకు ఇప్పటికీ కోపం తగ్గలేదు.

అమ్మలూ, నాన్నలూ, దయచేసి వినండి. ఆ జాజ్‌మాస్టర్ కథ కూడా అంతే. 1958లో ఫెండర్ దాన్ని జాజ్ వాద్యకారుల కోసం తెచ్చింది. వాళ్లు పెద్దగా పట్టించుకోలేదు. డెబ్బైల నాటికి సెకండ్ హ్యాండ్‌లో చవకగా దొరికేది. అందుకే డబ్బుల్లేని కుర్రాళ్ల చేతికొచ్చింది. ఎవరికీ అక్కర్లేనిదే ఒక తరానికి గొంతయింది.

ఇంకొకటి ఫెండర్ బేస్ సిక్స్. 1961లో వచ్చింది. ఆరు తీగలే, కానీ మామూలు గిటార్‌కంటే ఒక స్థాయి కింద పలుకుతుంది. 1975లో తయారీ ఆపేశారు. బృందంలో బేస్ గిటార్ వాయించే సైమన్ గ్యాలప్ కింది స్వరాలు పట్టుకుని ఉంటే, స్మిత్ దీని పై తీగల మీద పాట కట్టేవాడు. కాలితో నొక్కే కోరస్ పెడల్ కలిస్తే ఒక్క స్వరం రెండుగా అలలాడుతుంది. 1989 నాటి 'పిక్చర్స్ ఆఫ్ యూ' పాట వినండి. స్మిత్ గొంతు విప్పేదాకా దాదాపు రెండు నిమిషాలు వాద్యాలే మాట్లాడతాయి. తొందరపెట్టకండి, పూర్తిగా వినండి.

తర్వాత షెక్టర్ కంపెనీ అతని పేరుతోనే గిటార్లు చేసింది, బేస్ సిక్స్ తరహాది కూడా. మంచి గిటార్లే. టైమ్ అయిపోయిందని సైగ చేస్తున్నారు, వాటి గురించి ఇంకోసారి.

గిటార్లు తెచ్చుకున్న పిల్లలు వెనక టేబుల్ దగ్గరికి రండి. సోల్డరింగ్ ఐరన్, ఆకురాయి తెచ్చాను. డబ్బులు వద్దు. ఎవరైనా దాన్ని బొమ్మ అని ఉంటే, వాళ్ల గిటార్ ముందు చూస్తాను.