సేవ్‌లు చూసి రిలీవర్‌కి రేటు కట్టకండి

హాయ్ అండీ, చెన్నై నుంచి మళ్ళీ మీ ముందుకి. ఇక్కడ మనం ఇడ్లీ తినే టైముకి అమెరికాలో రాత్రి మ్యాచ్‌లు నడుస్తుంటాయి కదా, పొద్దున్నే బేస్‌బాల్ చూసే బ్యాచ్ కోసమే ఈ వీడియో.

రిలీవర్ అంటే మొదట దిగిన పిచ్చర్ అలిసిపోయాకో, దెబ్బతిన్నాకో వచ్చేవాడు. వీళ్ళలో చివరి ఇన్నింగ్స్ వేసేవాడు క్లోజర్. 1969 నుంచి సేవ్, అంటే లీడ్‌ని కాపాడి మ్యాచ్ ముగించిన రిలీవర్ ఖాతాలో పడే మార్కు, అఫీషియల్ లెక్క, అక్కడే మొదలైంది గోల. మూడు పరుగుల లీడ్‌తో మామూలుగా చివరిదైన తొమ్మిదో ఇన్నింగ్స్ మొత్తం వేసి మ్యాచ్ ముగిస్తే సేవ్ వచ్చేస్తుంది, ఎదురుగా లైనప్‌లో కింది బ్యాటర్లు ఉన్నా సరే. అదే ఏడో ఇన్నింగ్స్‌లో ఒక్క పరుగు లీడ్, మూడు బేస్‌ల మీదా రన్నర్లు ఉన్నప్పుడు వచ్చి గట్టెక్కించి వెళ్ళిపోయినోడికి సేవ్ లేదు!

(స్క్రీన్ మీద: 2016, టొరంటో)

వైల్డ్‌కార్డ్ మ్యాచ్, ఓడితే సీజన్ అయిపోయినట్టే. బాల్టిమోర్ క్లోజర్ జాక్ బ్రిటన్ ఆ ఏడాది 47 ఛాన్సుల్లో 47 సేవ్‌లు, ఈఆర్‌ఏ (తొమ్మిది ఇన్నింగ్స్‌లకి సగటున తన ఖాతాలో పడే పరుగులు) 0.54, అంటే మామూలోడు కాదు. స్కోరు 2-2, పదకొండో ఇన్నింగ్స్, మేనేజర్ బక్ షోవాల్టర్ మాత్రం లీడ్ వస్తే వాడదాం అని బ్రిటన్‌ని బుల్‌పెన్‌లోనే (రిలీవర్లు వార్మప్ చేసే చోటు) కూర్చోబెట్టి ఉబాల్డో హిమెనెజ్‌ని దింపాడు, టొరంటో బ్యాటర్ ఎన్‌కార్నాసియన్ మూడు పరుగుల హోమ్‌రన్ కొట్టాడు, బాల్టిమోర్ ఇంటికి. చెపాక్‌లో బుమ్రా ఓవర్లు మిగిలుండగానే మ్యాచ్ పోగొట్టుకోవడం లాంటిదే, చూస్తుంటే ఒళ్ళు మండిపోతుంది నాకైతే.

అదే ఏడాది క్లీవ్‌ల్యాండ్ మేనేజర్ ఫ్రాంకోనా ఏం చేశాడంటే, ఆండ్రూ మిల్లర్‌ని ప్లేఆఫ్స్‌లో ఐదో ఇన్నింగ్స్‌లో కూడా దింపేశాడు, మ్యాచ్ ఎక్కడ బిగుసుకుంటే అక్కడ మిల్లర్ అన్నమాట. అమెరికన్ లీగ్ ఫైనల్ సిరీస్‌లో ఎంవీపీ, అంటే బెస్ట్ ప్లేయర్, కూడా మిల్లరే.

అలాగని రోజూ ఇలా వాడలేం. బుల్‌పెన్‌లో వార్మప్ చేసి దిగకపోయినా చెయ్యి అలుస్తుంది, పైగా ఒకసారి తీసేసిన పిచ్చర్ మళ్ళీ ఆ మ్యాచ్‌లోకి రాలేడు. 2020 నుంచి ఇంకో రూల్, వచ్చినోడు కనీసం ముగ్గురు బ్యాటర్లని ఆడాలి, లేదా ఆ ఇన్నింగ్స్ ముగించాలి.

ఈఆర్‌ఏ కూడా మోసం చేస్తుంది. వచ్చేసరికే బేస్‌ల మీద ఉన్నవాళ్ళు స్కోర్ చేస్తే ఆ పరుగులు ముందు పిచ్చర్ ఖాతాలో పడతాయి, మన రిలీవర్‌ది క్లీన్‌గానే ఉంటుంది. అందుకే నేను ముందు చూసేది స్ట్రైకౌట్లు (మూడు స్ట్రైక్‌లతో బ్యాటర్‌ని ఔట్ చేయడం), వాక్‌లు (నాలుగు బయటి బంతులేసి బ్యాటర్‌కి ఫ్రీగా బేస్ ఇచ్చేయడం), ఆ తర్వాత ఎంత టైట్ సిట్యుయేషన్లలో దింపుతున్నారనేది.